ఇసుర్రాయి లంగరు: మంజీర వెనుక జలాల దగ్గర తండా నేర్చిన పాఠం

మన సంఘం ప్రత్యేక సంచికకు వ్యాసం రాయమని అడిగినప్పుడు నేను తీజ్ పండుగ గురించో, లేంగి పాటల గురించో రాస్తానని మిత్రులు అనుకొని ఉంటారు. వాటి మీద నాకంటే బాగా రాయగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను మా పశువుల కొట్టంలో ఒక మూలకు పడి ఉన్న రాయి గురించి రాస్తాను.

అది సగం ఇసుర్రాయి. మా దాదీ జొన్నలు విసిరిన రాయిలో పై బిళ్ళ. కింది బిళ్ళ ఎప్పుడో పగిలిపోయింది. పై బిళ్ళకు నడిమధ్యలో గింజలు పోసే రంధ్రం ఉంది. ఆ రంధ్రం అంచు ఒకవైపు నున్నగా, లోపలికి అరిగి ఉంటుంది. గింజలు పోస్తే అట్లా ఒకే పక్క అరగదు. అది తాడు ఒరిపిడి. దాదాపు ఇరవై ఏళ్ళు ఆ రాయి ఒక పుట్టికి లంగరుగా నిజాంసాగర్ వెనుక జలాల్లో మునిగి లేచింది.

"లంబాడీలకు, లంగరుకు ఏం సంబంధం?" అని అడగవచ్చు. మనం నీళ్ళ మీద బతికిన జాతి కాదు. ఎడ్ల మీద బతికినవాళ్ళం. నిజమే. అయితే ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట, నిజాంసాగర్ వైపు తండాల వాళ్ళు లోతు నీటిని ఎట్లా ఎరిగారో, అందులో ప్రాణం ఎట్లా కాపాడుకున్నారో ఎక్కడా రాసి లేదు. ప్రాజెక్టుల చరిత్రలో టీఎంసీలు, ఎకరాలు ఉంటాయి. తాడు ఎంత పొడుగుండాలో ఉండదు. ఆ సంగతి తెలిసిన పెద్దలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అందుకే ఈ వ్యాసం.

ఎడ్ల బాట, బుట్ట పడవ

మన పూర్వీకులు వేల ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కన్ అంతా తిరిగారు. మొఘల్ సైన్యాలకు, నిజాం సైన్యాలకు, తరువాత ఇంగ్లీషువాళ్ళ సైన్యాలకు తిండి గింజలు చేరవేసింది బంజారాల ఎడ్ల మందలే. ఎడ్లకు రెండు పక్కలా వేలాడే గోణె సంచులు, వాటిని బిగించే తాళ్ళు మన ఇంటి సామాను. జనుము పండించడం, నార తీయడం, గోణెపట్టా నేయడం బంజారాల్లో కొన్ని శాఖలకు కులవృత్తిగానే ఉండేదని వందేళ్ళ కిందటి జాతుల వివరణ గ్రంథాలు చెబుతాయి. తాడు మన చేతికి కొత్త కాదు.

అంత దూరం తిరిగేవాళ్ళకు నదులు అడ్డం రాకుండా ఉంటాయా? ఎండాకాలం రేవు చూసి ఎడ్లను దించేవాళ్ళు. వానాకాలం అయితే పుట్టి కావాలి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, బయట ఎద్దుతోలు కప్పిన బుట్ట పడవే పుట్టి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, తుంగభద్ర మీద జనం ఈ బుట్టల్లో దాటడం చూసి రాశాడు. తెడ్డు వేస్తుంటే అవి గిరగిరా తిరుగుతూ పోతాయని కూడా గమనించాడు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే, కృష్ణ దాటినప్పుడు ఎద్దుతోళ్ళు కప్పిన పెద్ద బుట్టలనే వర్ణించాడు.

పుట్టి, ఎడ్ల మంద రెండూ ఒకే చోట కలిసిన సందర్భం ఒకటి చరిత్రలో ఉంది. 1803లో మరాఠాల మీద యుద్ధానికి పోతూ ఆర్థర్ వెల్లెస్లీ వానాకాలంలో నదులు దాటడానికి బుట్ట పడవలు తయారు చేయించాడు. ఆ ఆగస్టులో పొంగుతున్న గోదావరిని అతని సైన్యం వాటి మీదనే దాటింది. ఆ సైన్యం గింజల కోసం ఆధారపడింది బంజారాల మీద. అతని ఉత్తరాల్లో 'బ్రింజారీలు' అని పదే పదే కనిపించేది మనవాళ్ళే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పారే నదిలో పుట్టికి లంగరుతో పని తక్కువ. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోవడం, చేరగానే పైకి లాగి చెట్టుకో, గుంజకో కట్టేయడం. నడి ఏట్లో ఆగవలసిన అవసరం ఎవరికీ లేదు. లంగరు అవసరమయ్యేది నీళ్ళ మధ్యన ఒకచోట నిలబడి పని చేసుకునేవాళ్ళకు. చెరువుల్లో చేపలు పట్టే గంగపుత్రులు, ముదిరాజులు ఆ విద్య ఎరుగుదురు. మనం ఎరగం. మనకు ఆ అవసరం తెచ్చిపెట్టింది ఆనకట్ట.

నీళ్ళు నిలిచాయి, మనమూ నిలిచాం

మంజీర మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, సుమారు 724 కిలోమీటర్లు పారి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఈ నదికి అచ్చంపేట, బంజెపల్లి ఊళ్ళ దగ్గర నిజాంసాగర్ కట్టారు. 1923లో మొదలైన పని 1931లో పూర్తయింది. దాన్ని నడిపిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన జూలై 11నే తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాం. అంతకుముందే, 1922 నాటికి, నాగిరెడ్డిపేట వైపు ఆలేరు వాగు మీద పోచారం కట్ట లేచింది. పదేళ్ళు తిరగకుండా ఎల్లారెడ్డి ప్రాంతానికి రెండు వైపులా పెద్ద నీళ్ళు వచ్చి నిలిచాయి.

నిజాంసాగర్ కోసం సుమారు 40 ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆ ఊళ్ళ ఇళ్ళు, బావులు, గుడులు, చింతచెట్లు నీళ్ళ కిందకి పోయాయి. ఇది లంగరు కథలోకి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

అదే కాలానికి కొంచెం ముందు మన జీవితం కూడా మారింది. 1900 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి కామారెడ్డి, నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వైపు రైలు పడింది. ఎడ్లు నెలరోజుల్లో మోసే సరుకును రైలు ఒక్క రాత్రిలో మోసింది. మన బేరం పడిపోయింది. అటు ఇంగ్లీషు పాలనలో 1871 నాటి నేరస్త జాతుల చట్టం, ఇల్లూ వాకిలీ లేకుండా తిరిగే జాతులను పుట్టుకతోనే దొంగలుగా చూసింది. ఆ చట్టం పోవడానికి 1952 దాకా పట్టింది. తిరగడానికి బాట లేక, తిరిగితే అనుమానం తప్పక, మనవాళ్ళు గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి వైపు అడవి అంచుల్లో తండాలు వేసుకొని వ్యవసాయానికి దిగారు. తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చిన ఉత్తర్వు 1977లో అమలుకు వచ్చింది. అంటే నాకు ఊహ తెలిసే నాటికి మేము కాగితం మీద గిరిజనులం కూడా కాదు.

భూమి తక్కువైనవాళ్ళకు జలాశయం ఒక దారి చూపింది. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే శికం భూమి. ఒండ్రు పట్టిన నేల, ఎరువు అవసరం లేదు. నాలుగు నెలలు జొన్నో, శనగో, కర్బూజో పండుతుంది. అయితే ఆ మడికి చేరాలంటే నడుమ నీటి పాయ దాటాలి. అట్లా మా కాకా ఒక గంగపుత్ర పెద్దమనిషితో పొత్తు కలిపాడు. పుట్టి ఆయనది, ఎడ్లు మావి. మేమంతా ఆయన్ను తాత అని పిలిచేవాళ్ళం. పాయ దాటించినందుకు మేము ఆయన గట్టు మీది చెలక దున్ని ఇచ్చేవాళ్ళం. తీరిక ఉన్న రోజు ఆయన మమ్మల్ని గాలం వేయడానికి తీసుకుపోయేవాడు. మా దాదీ పగిలిన ఇసుర్రాయిని ఆయనకు ఇచ్చింది కూడా అప్పుడే.

"మంచిగున్నది బిడ్డా, దీనికి తొర్ర దేవుడే పెట్టిండు" అని నవ్వాడట.

రాతికి రంధ్రం చేసి తాడు కట్టడం లోకమంతటా అతి పాత లంగరు పద్ధతి. గుజరాత్‌లో ద్వారక దగ్గర సముద్రం అడుగున పురావస్తు పరిశోధకులకు ఇటువంటి రాతి లంగర్లు ఎన్నో దొరికాయి. ఉంగరంలాంటివి ఉన్నాయి, మూడు రంధ్రాల ముక్కోణపు రాళ్ళు ఉన్నాయి. పడవకు ఒక పెద్ద ఓడ లంగరే ఉండాలని లేదు. రంధ్రం ఉన్న బరువైన రాయి చాలు. 'లంగరు' అన్న మాట మనకు పారశీకం నుంచి వచ్చింది. వస్తువు మాత్రం ఆ మాట కంటే చాలా పాతది.

నేను చేసిన తప్పు

1975 ప్రాంతం. నాకు పన్నెండేళ్ళు. ఒక మధ్యాహ్నం పెద్దవాళ్ళు శికంలో పనిలో ఉంటే, నేను, నా కాకా కొడుకు, ఇంకో పిల్లవాడు కలిసి చెప్పకుండా పుట్టి తీసుకొని గాలాలతో బయలుదేరాం. నీళ్ళు రెండు బారల లోతున్న చోట ఇసుర్రాయి దించాం. తాడు ఎక్కువ వదిలితే పుట్టి అటూ ఇటూ తిరుగుతుందని, రాయి అడుగుకు తగలగానే తాడు బిర్రుగా లాగి పుట్టి అంచు కట్టెకు మూడు చుట్లు చుట్టి గట్టి ముడి వేశాను. పుట్టి కదలకుండా నిలబడింది. నేను గొప్ప పని చేశానని అనుకున్నాను.

కొంతసేపటికి పడమటి నుంచి గాలి లేచింది. జలాశయం మీద గాలికి అడ్డం ఏదీ ఉండదు, చూస్తుండగానే అలలు మొదలవుతాయి. అల వచ్చినప్పుడు పుట్టి పైకి లేవాలి. కానీ తాడు పొట్టిగా, బిర్రుగా ఉంది. మామూలుగా అయితే రాయి అడుగు వదిలి లేచేది, మేము కొట్టుకుపోయేవాళ్ళం. ఆ రోజు రాయి కింద దేనికో ఇరుక్కుంది. మునిగిపోయిన ఊరి చెట్టు మొద్దో, పాత గోడ రాళ్ళో. దాంతో అల వచ్చిన ప్రతిసారీ పుట్టి మూడు పక్కలా లేచి, తాడు కట్టిన పక్క కిందికే ఉండిపోయింది. ఆ అంచు మీది నుంచి నీళ్ళు లోపలికి వచ్చాయి. భయపడి ముగ్గురం తాడు విప్పడానికి ఆ పక్కకే జరిగాం. ఆ పక్క ఇంకా వంగింది. తడిసిన నార ముడి ఉబ్బి రాయిలా బిగుసుకుంది. నా గోళ్ళు ఊడాయి కానీ ముడి ఊడలేదు.

ఒడ్డు నుంచి తాత మోకాలి లోతు దాకా పరిగెత్తి వచ్చి అరిచాడు: "కొడవలి! కొడవలి తీసి తాడు కొయ్యుండ్రి! మిగిలినోళ్ళు అవతలి దిక్కు కూసోండ్రి!" గడ్డి కొడవలి పుట్టిలో ఉంది. మా కాకా కొడుకు దాంతో తాడు కోశాడు. పుట్టి ఒక్కసారి ఎగిరి నిలబడింది. గాలికి కొట్టుకొని పోయి అరమైలు దూరాన తుమ్మ పొదల్లో ఒడ్డుకు తగిలాం. రాయిని నీళ్ళు తగ్గాక మరుసటి ఎండాకాలం తెచ్చుకున్నాం. అది నిజంగానే ఒక చింత మొద్దు వేళ్ళ మధ్యన ఇరుక్కొని ఉంది.

దెబ్బలు పడతాయనుకున్నాను. మా దాదా కొట్టలేదు. కొట్టంలోకి తీసుకుపోయి ఎద్దును చూపించాడు. "పలుపు పొట్టిగ కడితే ఎద్దు ఏం చేస్తది?" అన్నాడు. "గుంజను పీకుతది" అన్నాను. "పొడుగ్గ వదిలితే?" "పండుకొని నెమరేస్తది." దాదా అంతకంటే ఏమీ అనలేదు. పక్కనే నిలబడిన తాత మాత్రం, "గంతే బిడ్డా. నీళ్ళల్ల గుంజ రాయి. పుట్టి ఎద్దు" అన్నాడు.

యాభై ఏళ్ళ తరువాత కూడా లంగరు గురించి ఇంతకంటే తేలికైన పాఠం నేను వినలేదు.

లంగరు కట్టే పద్ధతి

ఆ తరువాత ఆరేడేళ్ళు తాత దగ్గర నేర్చుకున్నదాన్ని, తరువాత చదివి సరిచూసుకున్నదాన్ని వరుసగా రాస్తున్నాను. ఇప్పుడు పుట్టికి ఎద్దుతోలు లేదు. ప్లాస్టిక్ పట్టా, తారు, ఫైబర్ వచ్చాయి. థర్మాకోల్ తెప్పలు, గాలి ట్యూబులు వచ్చాయి. నీళ్ళ గుణం మాత్రం మారలేదు.

మొదటిది తాడు పొడుగు. తాడు నేరుగా కిందికి ఉంటే అది రాయిని పైకి లాగుతుంది. ఏటవాలుగా ఉంటే రాయిని నేల వెంట లాగుతుంది. నేల వెంట లాగిన రాయి పట్టుకుంటుంది, పైకి లాగిన రాయి వదిలేస్తుంది. అందుకే నీళ్ళు రెండు బారల లోతుంటే తాడు కనీసం ఆరు బారలు వదలాలి. గాలి ఉంటే పది, పన్నెండు బారలు. పెద్ద పడవలవాళ్ళు కూడా లోతుకు ఐదు నుంచి ఏడు రెట్ల తాడు అనే లెక్కనే పాటిస్తారు.

రెండోది అడుగు. రాయి దించుతూ చేతితో అడుగును చదవాలి. ఒండ్రు అయితే తాడు మెత్తగా ఆగుతుంది. రాయి దాంట్లో దిగబడి బాగా పడుతుంది గానీ తీసేటప్పుడు బరువు. ఇసుక అయితే రాయి జరజరా జారడం తాడులో తెలుస్తుంది. బండ అయితే టక్కుమంటుంది, అక్కడ రాయి నిలవదు, లేదా పగుళ్ళలో ఇరుక్కుంటుంది. నిజాంసాగర్‌లో ఒండ్రు ఎంత చేరిందంటే, మొదట సుమారు 29.7 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు 17.8 టీఎంసీలే పడుతుంది. మా చిన్నప్పుడు రాయి టక్కుమన్న చోట తరువాత మెత్తగా దిగింది. జలాశయం పూడిపోతున్న సంగతి కాగితాల్లో చదవకముందే మా చేతులకు తెలిసింది.

మూడోది ముడి. పుట్టి వైపు ముడి ఎప్పుడూ ఒక్క గుంజుతో ఊడిపోయేదై ఉండాలి. ఎద్దు తొక్కిడిలో పడితే వెంటనే విప్పడానికి మనవాళ్ళు గుంజకు వేసే ముడి అదే. తాడు కొసను మొత్తం దూర్చకుండా, మడత పెట్టి దూరుస్తారు. కొస లాగితే విడిపోతుంది. తాత ఈ ముడిని మా దాదా దగ్గర నేర్చుకున్నాడు. అంతకుముందు ఆయన వేరే ముడి వేసేవాడట. నీళ్ళవాళ్ళు మాకు రాయి నేర్పితే, మేము వాళ్ళకు ముడి నేర్పాం. రాతి వైపు ముడి మాత్రం ఊడకూడదు. రంధ్రం అంచుకు తాడు కోసుకుపోకుండా పాత తోలు ముక్క చుట్టాలి.

నాలుగోది ఇరుకు తాడు. మునిగిన ఊళ్ళున్న జలాశయంలో ఇది తప్పనిసరి. రాతికి అడుగు వైపు ఇంకో సన్నతాడు కట్టి, దాని కొసకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి వదిలేవాళ్ళం. ఇప్పుడైతే మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా చాలు. అసలు తాడుతో రాయి రాకపోతే, బుర్ర దగ్గరికి పోయి సన్నతాడు లాగితే వెనక వైపు నుంచి ఊడి వస్తుంది. ఆ రోజు మాకు ఈ తాడు ఉంటే ఇసుర్రాయి ఏడాది పాటు నీళ్ళ కింద ఉండేది కాదు.

ఐదోది కూర్చోవడం. తాడు కట్టిన పక్కకు అందరూ జరగకూడదు. ఒకరు తాడు పట్టుకుంటే ఇంకొకరు ఎదురు పక్క బరువై ఉండాలి. ముక్కు ఉన్న పడవ అయితే తాడు ముక్కుకే కట్టాలి. పక్కకు, వెనక్కు కడితే గాలి, అలలు వెడల్పు వైపు కొట్టి నీళ్ళు ఎక్కిస్తాయి. పుట్టికి ముక్కు లేదు గనుక తాడు కట్టిన చోటే దాని ముక్కు అవుతుంది.

ఆరోది రాయిని విసరకూడదు. తాడు చుట్టలో కాలు ఉందేమో చూసుకొని, చేతుల మీదుగా మెల్లగా దించాలి. దించే ముందే రెండో కొస పుట్టికి కట్టి ఉందా అని చూడాలి. నవ్వుకోకండి, కట్టడం మరచి రాయి తాడుతో సహా పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి రేవులో ఉంటారు. దించిన తరువాత ఒడ్డున ఒక చెట్టును, దాని వెనక ఒక గుట్టను ఒకే గీతలో చూసుకోవాలి. కాసేపటికి చెట్టు గుట్టను దాటి పక్కకు జరిగితే జరిగేది చెట్టు కాదు, మనమే. రాయి జారుతోందని అర్థం.

ఏడోది, అన్నిటికంటే ముందు చెప్పవలసింది, చేతికందే చోట పదునైన కొడవలి.

లంగరు వేయకూడని చోటు

పారే వరదలో చిన్న పడవకు లంగరు వేయకూడదు. రాయి పట్టుకుంటే నీటి వేగం పడవను కిందికి నొక్కుతుంది. గోదావరి పాపికొండల దగ్గర కొండరెడ్లు, కోయలు ఒకే మాను తొలిచిన దోనెల్లో తరతరాలుగా తిరిగారు. 1945లో 'బైసన్ కొండల రెడ్లు' పుస్తకం రాసిన హైమన్‌డార్ఫ్ ఆ నది ఒడ్డు జీవితాన్ని దగ్గరగా చూశాడు. పారే నీళ్ళలో దోనెను నిలపవలసి వస్తే ఒడ్డు చెట్టే గుంజ, తక్కువ లోతులో అడుగుకు గుచ్చిన గడే లంగరు.

ఆ ఒడ్డు గిరిజనుల నేర్పు ఏమిటో 2019 సెప్టెంబర్ 15న లోకం చూసింది. కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు ముందుగా చిన్న పడవల్లో వెళ్ళి మనుషుల్ని అందుకున్నది చుట్టుపక్కల గిరిజనులే. 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. మునిగిన పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్ళు వేసి వెతికి, పట్టు జారిపోతున్నా మళ్ళీ మళ్ళీ వేసి, అక్టోబర్ 22న ఒడ్డుకు లాగింది. బావిలో పడ్డ బొక్కెనను పాతాళగరిగెతో తీయడం మనం చూసిందే. పని అదే, కొలత పెద్దది.

మన దగ్గర కూడా నిలిచిన నీళ్ళు ఎప్పుడు పారే నీళ్ళవుతాయో చెప్పలేం. 2025 ఆగస్టు చివరి వారం వానకు పోచారం ఎట్లా పొంగిందో చూశాం. నూరేళ్ళు దాటిన ఆ కట్ట నిలబడింది గానీ, దాని కింద వాగు దారిలో ఏదీ నిలవలేదు. ఎగువన సింగూరు నిండి గేట్లు ఎత్తితే నిజాంసాగర్‌లో గంటల్లో నీళ్ళు పెరుగుతాయి. పొద్దున మూడు రెట్లుగా వదిలిన తాడు సాయంత్రానికి రెండు రెట్లే అవుతుంది. అటువంటి రోజు పుట్టి ఒడ్డు మీద బోర్లించి ఉండాలి.

పిల్లలకు ఏం మిగులుతుంది

సింగూరు వచ్చాక మంజీర నీళ్ళు హైదరాబాద్ దాహానికి పోయాయి. నిజాంసాగర్ చాలా ఏళ్ళు నిండలేదు. నీళ్ళు లేని ఏళ్ళలో పుట్టిలు పాడైపోయాయి, తెడ్డు పట్టినవాళ్ళు హైదరాబాద్‌కు, దుబాయికి పోయారు. తాత పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నీళ్ళు నిండిన ఏడు వస్తే తండా పిల్లలు ట్యూబు మీదనో, థర్మాకోల్ ముక్క మీదనో సెల్‌ఫోన్ పట్టుకొని నీళ్ళలోకి పోతున్నారు. వాళ్ళకు ధైర్యం ఉంది, నా పన్నెండేళ్ళ వయసులో నాకూ ఉండింది. వాళ్ళ వెనక ఒడ్డున "కొడవలి" అని అరిచే మనిషి లేడు.

అందుకే మన సంఘాన్ని ఒక మాట అడుగుతున్నాను. ప్రతి ఏటా సాంస్కృతిక దినం జరుపుకుంటాం. పాటల పోటీ, వేషాల పోటీ పెడతాం. వాటి పక్కనే ఒక గంట ముడుల పోటీ పెట్టండి. ఎద్దును కట్టే ముడి, గోణె బిగించే ముడి, లంగరు ముడి. మన పెద్దవాళ్ళ చేతుల్లో అవి ఇంకా ఉన్నాయి, నోటితో చెప్పమంటే చెప్పలేరు, తాడు చేతికిస్తే వేసి చూపిస్తారు. గంగపుత్రుల, ముదిరాజుల పెద్దలను కూడా పిలవండి. ఈ విద్య సగం వాళ్ళది. ఫోనులో పట్టి దాచండి. ఈత రాని పిల్లవాణ్ణి, ఒంటి మీద లైఫ్ జాకెట్ లేని పిల్లవాణ్ణి పుట్టి ఎక్కనివ్వమని ఆ రోజే తండా పెద్దల చేత మాట తీసుకోండి.

మా కొట్టంలోని ఇసుర్రాయిని వచ్చే దినానికి నేను తెస్తాను. చేత్తో ఎత్తి చూడవచ్చు. పిల్లలెవరైనా ఆ రంధ్రం ఒకవైపే ఎందుకు అరిగిందని అడిగితే, ఒక తాడు, ఒక బొక్కెన నీళ్ళు, తేలడానికి ఒక గిన్నె దగ్గర పెట్టుకొని కూర్చుంటాను. పలుపు పొట్టిగా కడితే ఎద్దు ఏం చేస్తుందో ముందు వాళ్ళనే అడుగుతాను.